కుంకుమ భరిణెలో నల్ల బీడ్

పోయిన వారం ఉజ్వలని ల్యాబ్‌లో ఫ్యూమ్‌హుడ్ అనే, పొగలు పీల్చేసే అద్దాల గూడు ముందు నిలబెట్టి మనం మన దారిన వచ్చేశాం. ఈ వారం రోజుల్లో మనం తిన్నాం, తిరిగాం, హాయిగా పడుకున్నాం. ఆ పిల్లకి మాత్రం గడిచింది పదకొండు నిమిషాలే. ఇంకా అక్కడే, అదే ఫ్లాస్కు ముందు, నీలం గ్లవుజుల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉంది. ఫ్లాస్కులో రంగు మారలేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఉజ్వలది సిద్దిపేట. మిషిగన్‌లో, నోవై ఊరికి అరగంట దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో ఐదేళ్ళుగా కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. గైడు ప్రొఫెసర్ భీమశంకరం. కాకినాడ మనిషి, డెబ్బై అయిదేళ్ళవాడు, అమెరికా వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఆయన పేరంతా ఒకే ఒక్క రియాక్షన్ మీద నిలబడి ఉంది. అది అర్థం కావడానికి కెమిస్ట్రీ చదివి ఉండక్కర్లేదు. రుథీనియం అనే లోహం పరమాణువులు మూడు త్రికోణంగా చేతులు పట్టుకుని ఉంటాయి. వాటి చుట్టూ పన్నెండు కార్బన్ మోనాక్సైడ్లు కుర్చీలు వేసుకుని కూర్చుంటాయి. ఈ గుంపుని క్లస్టర్ అంటారు. ఆల్కైన్ అనే కొత్త చుట్టం లోపలికి రావాలంటే ఆ పన్నెండిట్లో ఒకటైనా కుర్చీ ఖాళీ చేయాలి. ఊరికే చేయవు. బాగా వేడి పెడితేనే లేస్తాయి. వేడి అక్కర్లేదు, నేను తయారుచేసిన ఆల్కైన్ వస్తే చల్లటి గదిలోనే లేచి చోటిస్తాయి అని భీమశంకరం 1988లో పేపరు రాశాడు. నారింజ రంగు ద్రవం అరగంటలో నేరేడుపండు రంగుకి తిరుగుతుందని రాశాడు. ఆ పేపరే ఆయనకి కుర్చీ వేసింది, పతకాలు తెచ్చింది.

ఉజ్వల థీసిస్‌లో నాలుగో చాప్టర్‌కి ఆ రియాక్షనే పునాది. ఇప్పటికి అరవై మూడు సార్లు చేసింది. అరవై మూడు సార్లూ నారింజ నారింజగానే ఉండిపోయింది. అది తిరగకపోతే ఆయన సంతకం పెట్టడు. సంతకం లేకపోతే డిఫెన్స్, అంటే ఆఖరి మౌఖిక పరీక్ష, లేదు. డిఫెన్స్ లేకపోతే ఈ సెమిస్టర్‌తో ఐ-20, అంటే స్టూడెంటుగా ఇక్కడ ఉండనిచ్చే కాగితం, అయిపోతుంది, డిగ్రీ లేకుండా విమానం ఎక్కాలి. ఇటు చూస్తే సోమవారం భీమశంకరం సన్మానం. రెండు వందల మంది కెమిస్టులు వస్తున్నారు. వాళ్ళ ముందు స్టేజి మీద ఆ రియాక్షన్ తన చేత్తో చేసి చూపిస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఈ శుక్రవారం పొద్దున గ్రూప్ మీటింగ్‌కి వచ్చినవాళ్ళందరినీ ల్యాబ్‌లోకి నడిపించి, "ఉజ్వలా, ఇవాళ అందరి ముందూ చెయ్యి" అన్నాడు. ఆమె మొదలుపెట్టిన అరగంటకి మనం ఆపాం.

ఇది అరవై నాలుగోసారి. నలభై నిమిషాలు అయ్యాయి. బయట కిటికీ అద్దం నిండా మంచు. లోపల ఆరుగురు స్టూళ్ళ మీద కూర్చుని డోనట్లు తింటూ నారింజ రంగు ద్రవాన్ని చూస్తున్నారు.

"ఏవమ్మా," అన్నాడు భీమశంకరం తెలుగులో, మొహం నిండా నవ్వుతో. "రంగు మారిందా? నా కళ్ళకే శుక్లాలు వచ్చాయా?"

ఆయన పద్ధతే అది. మెచ్చుకోవలసి వస్తే ఇంగ్లీషు, కోయవలసి వస్తే తెలుగు. నవ్వు మాత్రం రెంటికీ ఒకటే. అమెరికన్ పిల్లలకి అది తాతా మనవరాళ్ళ ముచ్చటలా కనిపిస్తుంది. కైల్ అనే కుర్రాడైతే, ప్రొఫెసర్ నీతో మీ భాషలో ఎంత ప్రేమగా మాట్లాడతాడో అని ఉజ్వలతో ఒకసారి అన్నాడు కూడా.

"లేదు సార్. ఇంకొంచెం సేపు చూస్త సార్."

"చూడు, చూడు. ఐదేళ్ళుగా చూస్తూనే ఉన్నావుగా. గ్లవుజులు తియ్యి."

ఉజ్వలకి అర్థం కాలేదు. తీసింది.

"చేతులు చాపు. అందరికీ కనపడేలా."

చాపింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, బడిలో బెత్తం పట్టుకున్నట్టు పట్టుకుని, ఆమె వేళ్ళ మీద ఒక్కో వేలూ తాకుతూ పోయాడు. తరువాత ఇంగ్లీషులోకి మారి, కెమిస్ట్రీలో చేతులే అన్నీ, పుస్తకాలు చదివినంత మాత్రాన చేతులు రావు అని పాఠంలా చెప్పాడు. అందరూ తలలూపారు. ఆయన మళ్ళీ తెలుగులోకి దిగాడు.

"మీ అమ్మ బీడీలు చుడుతుందన్నావు కదూ?"

ఆ మాట ఆయనకి ఉజ్వలే చెప్పింది. అమెరికా వచ్చిన మొదటి వారం, ఆయన ఇంట్లో ఉప్మా తింటూ, ఈయన పెద్దమనిషి, మనవాడు అనుకుని చెప్పింది.

"అవును సార్."

"రోజుకి వెయ్యి చుడుతుందా? వెయ్యీ ఒక్కలాగే వస్తాయి. దాన్నే రీప్రొడ్యూసిబిలిటీ అంటారు. సంతకం పెట్టడం కూడా రాని మనిషికి చేతనైంది, ఐదేళ్ళు మా గ్రాంటు తిన్న నీకు చేతకాలేదు. ఆవిడనే తీసుకొచ్చి ఈ హుడ్ ముందు కూర్చోబెట్టాల్సింది నేను."

నవ్వు చెక్కుచెదరలేదు. కైల్ కూడా మర్యాదకి నవ్వాడు. నవ్వనిది స్మృతి ఒక్కతే. టెక్సస్‌లో, ప్లేనోలో పుట్టి పెరిగిన పిల్ల, రెండో సంవత్సరం స్టూడెంటు. ఆమెకి తెలుగు సగమే తెలుసు, కానీ ఆ సగం సరిపోయింది. చేతిలో డోనట్ పక్కన పెట్టేసింది.

ఉజ్వల ఏడవలేదు. ఏడిస్తే చేతులతో కళ్ళు తుడుచుకోవాలి, ఆ చేతులు ఇంకా అందరి ముందూ చాపి ఉన్నాయి.

"ఇక దించు," అన్నాడాయన. "ఇప్పుడు ముసలాడి చేతులు చూద్దురు గాని."

కోటు విప్పి ల్యాబ్ కోటు వేసుకున్నాడు. డ్రాయరు తాళం తీసి, అందులోంచి చిన్న వెండి కుంకుమ భరిణె బయటికి తీశాడు. కొత్తవాళ్ళు మెడలు చాచారు. ఆ భరిణె గురించి వినడమే గానీ మూత తీయగా చూసినవాళ్ళు తక్కువ.

అందులో దూది మీద ఒక బీడ్ ఉంది. ఫ్లాస్కు అడుగున గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని కలిపే అయస్కాంతపు ముక్క అది. మందు క్యాప్స్యూల్ అంత ఉంటుంది, పైన తెల్లటి టెఫ్లాన్ తొడుగు. అమెరికన్లు స్టిర్ బార్ అంటారు, మన కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు బీడ్ అంటారు. ల్యాబ్‌లో అలాంటివి డబ్బాడు ఉన్నాయి, అన్నీ తెల్లవే. ఇది మాత్రం నల్లగా, బొగ్గులా ఉంది. కుర్రతనంలో వేరే చోట పనిచేసినప్పటి నుంచి ఆయన వెంటే ఉంది. 1988 నాటి రియాక్షన్‌లో తిరిగింది ఇదే. ఏటా దసరాకి ఆయుధపూజ రోజున దీనికి బొట్టు పెడతాడు. ఇంకెవరూ ముట్టుకోకూడదు. నవ్వకండి, ఇంత సైన్సు చదివిన మనిషికి ఆ పాటి నమ్మకం ఉండకూడదా అని ఇన్నాళ్ళూ ఉజ్వల కూడా సరిపెట్టుకుంది.

ఆయన తూచాడు, పోశాడు, నైట్రోజన్ పెట్టాడు. వణుకులేని చేతులు. అవే సీసాలు, అదే ఆల్కైన్, అదే సాల్వెంట్. ఉజ్వల కళ్ళార్పకుండా చూసింది. తను చేయనిది ఆయన ఒక్కటీ చేయలేదు. చివర్న భరిణెలోంచి బీడ్ తీసి వేశాడు.

ద్రవం తిరుగుతుండగా ఆయన కథలు మొదలుపెట్టాడు. ఆ కథల్లో ఎప్పుడూ వచ్చేది శ్యామ్‌సుందర్. ఉజ్వలకంటే ఎన్నో ఏళ్ళ ముందు ఇదే హుడ్ ముందు నిలబడి, ఇదే రియాక్షన్ చేయలేక, డిగ్రీ లేకుండా వెళ్ళిపోయిన మనిషి. ఆ ల్యాబ్‌లో ఎవరి చేతిలో గాజు పగిలినా, ఎవరి లెక్క తప్పినా, శ్యామ్‌సుందర్ చేతులు అని నవ్వుకోవడం అలవాటు. మొహం ఎరగని పిల్లలు కూడా నవ్వుతారు.

"ఇప్పుడు న్యూజెర్సీ ఐసెలిన్‌లో ఏదో ఇండియన్ షాపులో బియ్యం బస్తాలు ఎత్తుతున్నాడట," అన్నాడు భీమశంకరం ఇంగ్లీషులో. "చివరికి ఆ చేతులకి తగ్గ పని దొరికింది."

అందరూ నవ్వారు. ఇరవై రెండో నిమిషంలో నవ్వు ఆగిపోయింది. నారింజ రంగు మధ్యలో మసకేసింది, మసక ముదిరింది, చూస్తుండగానే ఫ్లాస్కు నిండా నేరేడుపండు రంగు.

చప్పట్లు. కైల్ ఈల వేశాడు. ఒక పిల్ల ఫోను ఎత్తి వీడియో తీసింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి సిగ్గుపడుతున్నట్టు తల వంచి, ఎవరో తన మెడలో దండ వేస్తున్నట్టు నిలబడ్డాడు. అదే సమయంలో ఆయన ఫోను మోగింది. సోమవారం సభ ఏర్పాట్లు చూస్తున్నవాళ్ళు. ఫోను చెవికి పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అందరూ వినేలా ఇంగ్లీషులోనే అన్నాడు.

"ఉజ్వలా, కనీసం కడగడమైనా వచ్చు కదా? బెంచీ మీద ఉన్నవన్నీ ఆక్వా రీజియాలో వెయ్యి. ఒక్కటి కూడా మిగలకూడదు."

ఆయన వెనకాలే అందరూ వెళ్ళిపోయారు. స్మృతి మాత్రం ఆగింది.

"అక్కా, ఆర్ యూ ఓకే? ఆయన మీ మమ్మీ గురించి అలా టాక్ చేయడం... దట్స్ నాట్ ఓకే. నేను ఎవరికైనా చెప్పనా?"

"వద్దు స్మృతీ. నా సంతకం ఉన్నది ఆయన దగ్గర. నువ్వు పో."

స్మృతి వెళ్ళింది. ఉజ్వల హుడ్‌లో ఆక్వా రీజియా కలిపింది. బంగారాన్ని కూడా కరిగించే ఆమ్లం అది. ఆ ల్యాబ్‌లో మొదటి రోజే ప్రతి స్టూడెంటుకీ భీమశంకరం నేర్పే నియమం ఒకటుంది: లోహం తగిలిన ప్రతి గాజుముక్కా, ప్రతి బీడూ అందులో మునగాలి. పాత లోహం రవ్వంత మిగిలినా కొత్త రియాక్షన్‌ని మైలపరుస్తుంది, మీరు ఒకటి అనుకుంటే అది ఇంకొకటి చేయిస్తుంది అంటాడు. ఒకసారి కైల్ ఒక్క ఫ్లాస్కు మరిచిపోతే వారం రోజులు అందరి గిన్నెలూ వాడిచేతే కడిగించాడు.

ఆయన ఫ్లాస్కులోని ద్రవాన్ని సీసాలోకి వంపింది. అడుగున నల్ల బీడ్ మిగిలింది. ఎప్పుడూ ఆయనే తీసి, టిష్యూతో తుడిచి, భరిణెలో పెట్టుకుంటాడు. ఇవాళ చప్పట్ల మత్తులో మరిచిపోయాడు. భరిణె కూడా బెంచీ మీదే ఉంది.

బీడ్‌ని అరచేతిలో వేసుకుంది ఉజ్వల. ఎందుకో గాని వెంటనే కింద పెట్టబుద్ధి కాలేదు. ఈ గదిలో ప్రతి వస్తువుకీ ఆమ్లస్నానం ఉంది. దీనికి లేదు. దీనికి పూజ ఒక్కటే ఉంది. నలభై ఏళ్ళుగా ఎన్ని లోహాలు ఈ టెఫ్లాన్‌లోకి ఇంకి ఉంటాయి? ఈ నలుపు ఏమిటి?

అరవై నాలుగోది, తన ఫ్లాస్కు, హుడ్ మూలన నారింజ రంగులో ఇంకా తిరుగుతూనే ఉంది. నైట్రోజన్ పెట్టి మూత తీసింది. పొడుగాటి కడ్డీ చివర అయస్కాంతంతో తన తెల్ల బీడ్ బయటికి లాగింది. నల్ల బీడ్ లోపలికి జార్చింది. వేరే ఏమీ మార్చలేదు.

పందొమ్మిది నిమిషాలు పట్టింది.

నేరేడుపండు రంగు చూడగానే ఆమెకు మొదట కలిగింది సంతోషం. పిచ్చి సంతోషం. తన చేతుల్లో ఏ తప్పూ లేదు. ఆల్కైన్ వచ్చిందని కార్బన్ మోనాక్సైడ్లు లేవలేదు. బీడ్‌లో ఇంకిన ఏదో పాత లోహం వాటిని లేపింది. తను శుభ్రంగా చేసింది కాబట్టే రంగు మారలేదు! ఆ వెంటనే, చూడండి ఈ పిల్ల బుద్ధి, సార్‌కి చెప్పాలి అనుకుంది. ఇంతకు ముందే తన తల్లిని నలుగురిలో ఉతికి ఆరేసిన మనిషికి, పాపం ఆయనకి తెలియదేమో, సోమవారం లోపల చెబితే పరువు దక్కించుకుంటాడు కదా అనుకుంది. మన దగ్గర గురువంటే అలా నేర్పారు మరి. గుమ్మం దాకా వెళ్ళింది కూడా. బీడ్ పద్ధతిగా భరిణెలో పెట్టి తీసుకెళదామని వెనక్కి వచ్చింది. చోటు సర్దడానికి భరిణెలో దూది ఎత్తింది.

దూది కింద మడత పెట్టిన కాగితం.

అది ఒక అనలిటికల్ ల్యాబ్ రిపోర్టు. 2011 మార్చి. శాంపిల్: బీడ్ మీద నుంచి గీకిన పొడి. ఫలితం: పల్లాడియం. రుథీనియం కాదు, వేరే లోహం. కింద పెన్సిల్‌తో తెలుగులో రెండు వాక్యాలు, గుండ్రటి, పొందికైన చేతిరాత. "సార్, బీడ్ మిమ్మల్ని అడక్కుండా తీసినందుకు క్షమించండి. ఇది ఎవరికీ చూపించలేదు, మీకే ముందు చూపిస్తున్నాను. శ్యామ్‌సుందర్."

ఉజ్వల రెండుసార్లు చదివింది. ఎంత చక్కటి చేతులు ఇవి, అనుకుంది. ఈ చేతుల మీద తను కూడా ఎన్నిసార్లు నవ్వింది!

కారిడార్‌లో బూట్ల చప్పుడు. కాగితం కోటు జేబులోకి వెళ్ళింది. దూది కిందికి, మూత పైకి.

భీమశంకరం బీడ్ కోసమే వచ్చాడు. మూలనున్న ఫ్లాస్కు చూశాడు. అందులో నేరేడు రంగు, అడుగున తిరుగుతున్న నలుపు. విషయం తెలుసుకోవడానికి ఆయనకి ఒక్క క్షణం చాలింది. తలుపు దగ్గరికి వేశాడు.

"నా బీడ్ ముట్టుకున్నావు."

"సార్, రియాక్షన్ ఆల్కైన్‌తోని అయితలేదు సార్. బీడ్‌లున్న లోహంతోని అయితున్నది. మీకు... మీకు ఎరుకనే కదా సార్?"

లేదు అంటాడేమోనని ఆమె ఇంకా ఎదురుచూసింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తెలిస్తే ఏం చెయ్యమంటావ్? ముప్ఫై ఏడేళ్ళ కిందట రాసినది వెనక్కి తీసుకోమంటావా? నా కింద నలభై మంది డాక్టరేట్లు తీసుకున్నారు, వాళ్ళందరి థీసిస్‌లూ చింపమంటావా? రంగు మారాలి, మారుతోంది. ఎందుకు మారుతోందన్నది నాకూ దేవుడికీ మధ్య విషయం."

"నాకు ఐదేండ్లు సార్. అరవై నాలుగు సార్లు చేసిన. నా చేతులు మంచిగ లేవన్నరు."

"అన్నాను. నీ చేతులు బాగున్నాయంటే నా బీడ్ బాగాలేదని అర్థం. రెండిట్లో నేను ఏది ఒప్పుకుంటాననుకున్నావు?" ఆయన గొంతులో కోపం లేదు, అదే భయంకరం. "ఇంతకు ముందు కూడా ఒకడు నీలాగే కనిపెట్టాడు. బుద్ధిమంతుడు. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. ఇంకెక్కడికైనా వెళ్ళుంటే ఇవాళ ఐసెలిన్‌లో నేను ఉండేవాణ్ణి. మనవాళ్ళకి ఆ గౌరవం ఒకటి ఉంటుంది చూశావూ, నన్ను బతికించింది అదే."

తరువాత ఆయన ఫ్లాస్కు వైపు చూసి మెల్లగా నవ్వాడు.

"అయినా నువ్వు ఏడవడం దేనికి? సాధించావు కదా. రంగు మారింది కదా. నీ ఫ్లాస్కులో, నీ చేతుల మీదుగా." లేచాడు. "అందరినీ పిలుస్తాను. నీ నోట్‌బుక్‌లో సాక్షి సంతకం పెడతాను. నాలుగో చాప్టర్ అయిపోయింది, రెండు వారాల్లో డిఫెన్స్. కాదూ, బీడ్ వల్ల అయిందని అరుస్తావా? అరుచుకో. ప్రొఫెసర్ వస్తువు దొంగిలించి తన ఫ్లాస్కులో వేసుకున్న పిల్ల మాట ఎవడు వింటాడో చూద్దాం."

తలుపు తీసి కారిడార్‌లోకి వెళ్ళాడు. "షీ గాట్ ఇట్!" అని కేక పెట్టాడు. సొంత మనవరాలికి ర్యాంకు వచ్చినంత సంబరం ఆ గొంతులో.

ఆ అర నిమిషంలో ఉజ్వల ఆలోచించలేదు. బుద్ధిమంతుడు అన్న మాట ఒక్కటే చెవుల్లో గింగిర్లు తిరుగుతోంది. కడ్డీతో నల్ల బీడ్ పైకి లాగింది. టిష్యూతో తుడిచింది. ఆక్వా రీజియాలో వేసింది. తన తెల్ల బీడ్ ఫ్లాస్కులోకి జార్చి మూత పెట్టింది. ఆమ్లంలో నల్ల బీడ్ చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. నలుపు విడిపోసాగింది.

అందరూ పరుగున వచ్చారు. చప్పట్లు, కేకలు, భుజం మీద దెబ్బలు. స్మృతి వచ్చి వాటేసుకుంది. "అక్కా, యూ డిడ్ ఇట్! ఐ న్యూ ఇట్!" అంటూ ఏడ్చేసింది. ఐదేళ్ళుగా ఉజ్వల కలలో వచ్చిన దృశ్యం అచ్చం ఇదే. ఇందులో ఒక్క మనిషి మొహం కూడా తేడా లేదు. అదే ఆమెకు ఊపిరాడనివ్వలేదు.

భీమశంకరం నోట్‌బుక్ తెరిచి, తేదీ వేసి, పెద్ద అక్షరాలతో రాసి, సంతకం పెట్టాడు. ఫోటోలు తీసుకున్నారు. ఒక్కొక్కరితో ఒకటి, అందరితో ఒకటి. ఆ సందట్లో పది నిమిషాలు గడిచాయి. ఆఖరి ఫోటోకి ఆయన ఉజ్వల భుజం మీద చెయ్యి వేసి, పెదవి కదపకుండా అడిగాడు.

"బీడ్ భరిణెలో పెట్టి ఇటివ్వు."

"ఇస్త సార్."

ఉజ్వల హుడ్ దగ్గరికి వెళ్ళి, ప్లాస్టిక్ పట్టకారుతో ఆమ్లంలోంచి బీడ్ తీసి, కుళాయి కింద కడిగి, తుడిచి, దూది మీద పెట్టి, భరిణె రెండు చేతులతో అందించింది. ప్రసాదం ఇచ్చినట్టే ఇచ్చింది.

ఆయన మూత తీశాడు.

లోపల తెల్లటి బీడ్. ఒకటి రెండు చోట్ల బూడిద మరకలు తప్ప కొత్తగా కొన్నట్టు ఉంది. ముప్ఫై ఏడేళ్ళ పేరు అంతా ఇప్పుడు హుడ్‌లో ఆమ్లం బీకరులో పసుపుపచ్చగా పొగలు కక్కుతోంది. సోమవారం దాకా మూడు రోజులే ఉన్నాయి.

"బెంచీ మీద ఒక్కటి కూడా మిగలకూడదన్నారు కదా సార్," అంది ఉజ్వల. ఇంగ్లీషులోనే అంది, అందరికీ వినబడేలా. "అన్నీ కడిగాను."

ఆయన చేతిలో భరిణె సన్నగా వణికింది. ఉజ్వల ఆ వణుకు చూసింది. చూసి ఆనందించింది. తనలో అంత క్రూరమైన మనిషి ఒకతి ఉందని ఆమెకు ఇవాళే తెలిసింది.

కానీ భీమశంకరం ఊరికే యాభై ఏళ్ళు నెగ్గుకురాలేదు. వణుకు అక్కడే ఆపుకుని, తలెత్తి, గదిలో అందరినీ చూస్తూ నవ్వాడు.

"ఫ్రెండ్స్," అన్నాడు ఇంగ్లీషులో, "ఒక నిర్ణయం తీసుకున్నాను. సోమవారం స్టేజి మీద ఈ రియాక్షన్ చేసేది నేను కాదు. ముసలివాళ్ళు పక్కకి తప్పుకోవాలి. రెండు వందల మంది ముందు చేసేది ఉజ్వల!"

ల్యాబ్ దద్దరిల్లింది. కైల్ ఉజ్వల చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. ఆ గోలలో ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నారింజ అలాగే ఉంటుందమ్మా. ఒక గంట. రెండు గంటలు. అందరూ నీ చేతులే చూస్తారు. నేను కుర్చీలో కూర్చుని జాలిపడతాను. ఆ తరవాత నీ డిఫెన్స్ సంగతి కమిటీయే చూసుకుంటుంది."

ఆయన భరిణె మూత పెట్టబోయాడు. పెట్టబోతూ ఆగాడు. దూది ఒక పక్కకి ఒరిగి ఉంది. చూపుడువేలు దూది కిందికి పంపాడు. అడుగున ఒకసారి తడిమాడు. దూది మొత్తం బయటికి లాగి మళ్ళీ తడిమాడు.

ఆ రోజు ఉజ్వల కళ్ళ ముందు రంగు మారింది మూడుసార్లు. రెండుసార్లు ఫ్లాస్కుల్లో, మూడోసారి ఆయన మొహంలో.

స్మృతి ఫోను పైకెత్తి ఇంకొక్క ఫోటో అని అరుస్తోంది. ఉజ్వల ఆయన పక్కన సర్దుకుని నిలబడింది. కోటు జేబు మీద చెయ్యి ఆనించింది. కెమెరా వైపు చూసి నవ్వుతూ, ఆయనకి మాత్రమే వినబడేలా తెలుగులో అంది.

"ఎతకకుండ్రి సార్. శ్యామ్‌సుందర్ అన్న రాసింది నా దగ్గరున్నది. స్టేజి మీదికి రమ్మన్నరు కద, సోమవారం అక్కడికే తెస్త."